తనఖా షెడ్యూలులో తప్పు పడితే దిద్దేదెవరు?

బీహార్‌లో ఒక తనఖా దావా. అప్పు తీరలేదు. కోర్టు డిక్రీ ఇచ్చింది, భూమి వేలానికి వెళ్ళింది, పాడుకున్నవాళ్ళ చేతికి సేల్ సర్టిఫికెట్ వచ్చింది. తీరా చూస్తే తుది డిక్రీలోనూ సర్టిఫికెట్‌లోనూ ప్లాటు నంబరు 160 అని ఉంది. అసలు నంబరు 1060. రాతలో ఒక సున్నా జారిపోయింది. ఆ సున్నా మీద వివాదం పాట్నా హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1963 ఏఐఆర్ సంపుటిలో షియోధ్యాన్ సింగ్ కేసుగా అచ్చైన ఆ తీర్పును ఇలాంటి పొరపాటు ఎదురైన ప్రతి వకీలూ నేటికీ వెతికి పట్టుకుంటాడు.

కోర్టు తర్కం సూటిగా ఉంది. ఖాతా నంబరు, విస్తీర్ణం, హద్దులు అన్నీ 1060నే చూపిస్తున్నాయి. ఆ ఖాతాలో 160 అనే ప్లాటే లేదు. కాబట్టి అమ్ముడైంది 1060వ నంబరు భూమే, పొరపాటు అంకె రాయడంలోనే జరిగింది. అయితే కోర్టు ఇంకో మాట కూడా అంది. హద్దులు రాయకుండా నంబరు ఒక్కటే రాసి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో అని. తీర్పును ఉదహరించేవాళ్ళు మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. రెండోదీ అంతే ముఖ్యం. నేల ఏదో తేలితే తప్పు దిద్దవచ్చు. తేలకపోతే దిద్దుబాటు పేరుతో వేరే నేలను అంటగట్టినట్టవుతుంది.

ఆస్తి వివరం ఎలా ఉండాలో చట్టం ఎప్పుడో చెప్పింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం, ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వివరం లేని దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు తీసుకోకూడదు. ఊళ్ళో ఇల్లయితే ఏ వీధిలో ఏ వైపు ఉందో, ఇంటి నంబరేదో, ఎవరి అనుభవంలో ఉందో రాయాలి. పొలమైతే గ్రామం, విస్తీర్ణం, ఆనుకుని ఉన్న దారులు, భూములు రాయాలి. వీలైన చోట సర్కారు సర్వే పటాన్ని ఆధారం చేసుకోవాలి. కోర్టుకు వచ్చేసరికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 3 కూడా హద్దులో సర్వే నంబర్లో చూపించమంటుంది. మన దస్తావేజుల చివర తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అంటూ వచ్చే షెడ్యూలు వీటి కోసమే.

తప్పు ఎలా పడుతుంది

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పొరపాట్లకు ప్రత్యేకమైన కారణాలున్నాయి. ఆంధ్ర ప్రాంతంలో పొలాన్ని ఎకరాలు, సెంట్లలో కొలుస్తారు. ఎకరానికి 100 సెంట్లు. తెలంగాణలో ఎకరాలు, గుంటలు. ఎకరానికి 40 గుంటలు. దస్తావేజులో ‘2.20’ అని ఉంటే తెలంగాణ రైతుకు అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు, 12,100 చదరపు గజాలు. అదే అంకెను సెంట్లుగా చదివితే 10,648 గజాలే. వేరే ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు అధికారి, వేరే జిల్లాలో పని నేర్చుకున్న దస్తావేజు లేఖరి ఈ తేడాను గమనించకపోతే 1,452 గజాలు కాగితం మీద మాయమవుతాయి.

సబ్‌డివిజన్లు ఇంకో చిక్కు. తెలంగాణలో 125/అ, 125/ఆ, 125/ఇ అని వరసగా ఉంటాయి. చేతిరాతలో ‘అ’కూ ‘ఆ’కూ తేడా ఒక చిన్న వంపే. ఆ వంపు అన్నదమ్ముల వాటాలను తారుమారు చేయగలదు. హద్దుల్లో రాసే పేర్లు ముప్పై నలభై ఏళ్ళ కిందటి లింకు దస్తావేజు నుంచి యథాతథంగా ఎక్కుతాయి. హద్దుదారు చనిపోయి, భూమి ముగ్గురి చేతులు మారినా షెడ్యూలులో ఆ పేరే ఉంటుంది. పట్టణాల్లో ఇంటి నంబర్లు మారాయి, కొన్ని చోట్ల రెండుసార్లు మారాయి. అపార్టుమెంట్లలో ఫ్లాటు నంబరు సరిగానే ఉన్నా అవిభాజ్య భూమి వాటా దగ్గర లెక్క తప్పుతుంది. తూర్పు హద్దు పడమరలోకి, పడమర హద్దు తూర్పులోకి చేరడం సరేసరి.

వీటన్నిటికీ మూలం ఎత్తిరాయడం. పాత దస్తావేజులోని షెడ్యూలును కొత్తదాంట్లోకి దించుతారు, అక్కడి నుంచి లీగల్ ఒపీనియన్‌లోకి, తనఖా పత్రంలోకి, చివరకు దావాలోకి. దారిలో ఏ ఒక్కరూ పొలం గట్టు మీద నిలబడి చూడరు.

తప్పు పుట్టిన చోటు

దిద్దుకోవడానికి వెళ్ళేవాళ్ళు మొదట తేల్చుకోవాల్సింది తప్పు ఎంత పెద్దదని కాదు, ఎక్కడ పుట్టిందని. అప్పు తీసుకున్నవాడు ఆస్తి కొన్న దస్తావేజులోనే ఉందా? తనఖా పత్రంలో కొత్తగా పడిందా? దావాలోనా, డిక్రీలోనా, వేలం కాగితాల్లోనా? దారి ఏదన్నది దీన్ని బట్టే ఉంటుంది. పొరపాటు దారి పట్టి నాలుగైదేళ్ళు పోగొట్టుకున్న కక్షిదారులు ప్రతి జిల్లా కోర్టులోనూ కనిపిస్తారు.

ఇరుపక్షాలూ బతికి ఉండి, తప్పును ఒప్పుకుంటే కోర్టు అవసరమే లేదు. సవరణ దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకోవచ్చు. సర్వే నంబరో విస్తీర్ణమో మారుతున్నప్పుడు మాత్రం, ఇది సవరణ కాదు కొత్త బదలాయింపేనని రిజిస్ట్రేషన్ శాఖ సుంకం అడగవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఇంకో అడ్డంకి కూడా ఉంది. సరైన సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే సవరణ దస్తావేజు కూడా కౌంటరు దాటదు. తప్పు నంబరుతో సాఫీగా రిజిస్టరైన తనఖా, సరైన నంబరుతో రిజిస్టరు కాకుండా నిలిచిపోతుంది. అప్పుడు ముందు ఆ జాబితా సంగతి తేల్చుకోవాలి, ఆ తర్వాతే సవరణ.

ఒప్పుకోని పక్షంలో దావా వేయాలి. దానికి ఆధారం 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 26. మోసం వల్లగానీ ఇరుపక్షాల ఉమ్మడి పొరపాటు వల్లగానీ పత్రం వాళ్ళ అసలు ఉద్దేశాన్ని చెప్పలేకపోతే కోర్టు దాన్ని సరిదిద్దవచ్చు. ఇక్కడ ‘ఉమ్మడి’ అన్నదే గట్టి షరతు. నేను ఇంటి వెనక స్థలం కూడా తనఖాలో ఉందనుకున్నానని బ్యాంకు ఒక్కటే అంటే చాలదు. ఇద్దరూ ఒకే ఆస్తిని మనసులో పెట్టుకున్నారని, కాగితం మీదికి వచ్చేసరికి ఇంకోటి పడిందని రుజువు కావాలి. కోర్టు ఒప్పందాన్ని సరిదిద్దదు, ఒప్పందాన్ని రాసిన కాగితాన్ని సరిదిద్దుతుంది. ఇంగ్లండులో 1869లో తేలిన ఈ సూత్రమే మన సెక్షన్ 26 వెనుక కూడా ఉంది. 2013లో జోసెఫ్ జాన్ పీటర్ శాండీ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. మోసమో ఉమ్మడి పొరపాటో లేనిదే పత్రం మారదు. ఆ కోరిక దావాలో స్పష్టంగా అడగాలి.

అడగడం మరిచిపోయినా దారి మూసుకుపోదు. విచారణ ఏ దశలో ఉన్నా, తగిన షరతుల మీద దావాను సవరించుకునే అవకాశం ఇవ్వాలని అదే సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. 2008లో పూరణ్ రామ్ కేసు ఇలాంటిదే. రాజస్థాన్‌లో భూమి కొనుగోలు ఒప్పందం. చక్ పేరులో ఒక అక్షరం తేడా పడింది. ఒప్పందాన్ని అమలు చేయమన్న దావాలోనే పత్రాన్నీ సరిదిద్దమని కోరుతూ చేసిన సవరణను సుప్రీంకోర్టు అనుమతించింది. దిద్దడానికి ఒక దావా, అమలుకు ఇంకో దావా అక్కర్లేదన్నమాట. అది తనఖా కేసు కాదు. కానీ తనఖా దావా వేసే బ్యాంకుకు ఇది చాలా పనికొచ్చే తీర్పు. డబ్బు కోసం వేసే దావాలోనే షెడ్యూలు సవరణ కూడా అడగవచ్చు.

ఇక రుజువు. రాతపూర్వక పత్రానికి వ్యతిరేకంగా నోటి సాక్ష్యం పనికిరాదన్నది సాధారణ సూత్రం. పొరపాటును నిరూపించడానికి మాత్రం పాత సాక్ష్య చట్టం సెక్షన్ 92 మొదటి మినహాయింపు తలుపు తెరిచింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే సెక్షన్ 95. కోల్‌కతాలోని నా ఇల్లు అని రాసి అమ్మినవాడికి కోల్‌కతాలో ఇల్లే లేదనుకుందాం. హౌరాలో ఇల్లు ఉంది, కొన్నవాడు అప్పటి నుంచీ అందులోనే ఉంటున్నాడు. ఆ సంగతులు రుజువు చేసుకోవచ్చునని 1872 సాక్ష్య చట్టం ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. తనఖాల్లో నోటి మాట కన్నా బ్యాంకు ఫైలే పెద్ద సాక్షి. రుణ దరఖాస్తులో అప్పుదారు స్వయంగా రాసిన వివరాలు, వాల్యుయేషన్ రిపోర్టులోని ఫొటోలు, ప్యానెల్ వకీలు పరిశీలించిన లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు అన్నీ ఒకే ఇంటిని చూపిస్తే ఉమ్మడి ఉద్దేశం తేలినట్టే. ఇంకా సందేహముంటే ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను, వెంట సర్వేయర్‌ను పంపించి కొలిపించవచ్చు. నా మట్టుకు, ఆ కమిషనర్ రిపోర్టును దావా మొదట్లోనే అడగాలంటాను. అప్పీలులో అడిగితే దానికి ఆలస్యమన్న మచ్చ పడుతుంది.

విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు సాధారణంగా హద్దులే గెలుస్తాయి. సుభాగా కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ మాటే అంది. ‘సాధారణంగా’ అన్న మాటను మరవకూడదు. హద్దులే అస్పష్టంగా ఉన్నప్పుడు, చనిపోయినవాళ్ళ పేర్లతో నిండి ఉన్నప్పుడు, వాటి బలం పోతుంది.

మూడో మనిషి

ఇంతవరకూ చెప్పింది ఇద్దరి మధ్య సంగతి. నా దృష్టిలో అసలు కష్టం మూడో మనిషిది. కోర్టు నేలను చూస్తుంది. రిజిస్టరు అంకెను చూస్తుంది. ఈ రెండు చూపుల మధ్య ఉన్న ఎడంలో పడి నలిగేది ఏ తప్పూ చేయని వ్యక్తి.

సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇండెక్సులు ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 55 కింద మొదటిది మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కోసం మనం సర్వే నంబరో ఇంటి నంబరో ఇచ్చినప్పుడు వెతికేది ఆస్తి ఇండెక్సులోనే. తనఖా పత్రంలో 125/అ బదులు 125/ఆ పడితే ఆ తనఖా 125/ఆ కింద నమోదవుతుంది. 125/అ మీద ఈసీ తీయించినవాడికి ఏ భారమూ కనిపించదు. అది నమ్మి కొనుక్కుంటాడు, లేదా ఇంకో బ్యాంకు దాని మీద అప్పిస్తుంది. ఆరేళ్ళకు మొదటి బ్యాంకు వచ్చి షెడ్యూలు సరిదిద్దమని దావా వేస్తే కోర్టు ఏం చేయాలి?

చట్టం ఇక్కడ స్పష్టంగా ఉంది. మంచి నమ్మకంతో, డబ్బిచ్చి హక్కు సంపాదించుకున్న మూడో వ్యక్తులకు నష్టం లేనంతవరకే సవరణ చేయాలని సెక్షన్ 26 రెండో ఉపసెక్షన్ అంటుంది. రిజిస్టరైన పత్రం గురించి అందరికీ తెలిసినట్టే లెక్క అన్న సూత్రానికి కూడా 1929 సవరణతో ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 3లో షరతులు చేరాయి. లావాదేవీ వివరాలు సెక్షన్ 55 ఇండెక్సుల్లో సరిగ్గా ఎక్కి ఉండాలన్నది వాటిలో ఒకటి. అంకె తప్పయితే లోకానికి తెలిసినట్టు లెక్క కట్టలేం. కాబట్టి హద్దుల బలంతో బ్యాంకు తన అప్పుదారు మీద గెలవవచ్చు గానీ, ఆ అంకెను నమ్మి కొన్నవాడి మీద గెలవడం కష్టం. ఇదే సరైనదని నేను నమ్ముతాను. బ్యాంకు చేతిలో వకీలు, వాల్యుయర్, సొంత ఫైలు ఉన్నాయి. కొనుగోలుదారు చేతిలో ఉన్నది ఒక్క ఈసీ.

దావా వేసేవారు అందరినీ కలుపుకోవడమూ ఇందుకే ముఖ్యం. తనఖా ఆస్తిలోగానీ విడిపించుకునే హక్కులోగానీ ఆసక్తి ఉన్న ప్రతివారినీ చేర్చాలని ఆర్డర్ 34 రూల్ 1 అంటుంది. తనఖా పెట్టినవారి వారసులు, తర్వాత అప్పిచ్చినవారు, తర్వాత కొన్నవారు లేకుండా తెచ్చుకున్న సవరణ డిక్రీ వాళ్ళను కట్టిపడేయదు.

ఇంకో బాధితుడు ఉన్నాడు, అతన్ని చట్టం పుస్తకాలు దాదాపు పట్టించుకోలేదు. పై ఉదాహరణలో 125/ఆ భూమి యజమాని. అతను అప్పు చేయలేదు, సంతకం పెట్టలేదు. కానీ అతని ఈసీలో ఎవరిదో తనఖా కనిపిస్తుంది. పంట రుణానికి వెళితే బ్యాంకు వెనక్కి పంపుతుంది. కూతురి పెళ్ళికి అరెకరం అమ్మబోతే బేరం చెడుతుంది. అతను ఆ పత్రంలో పక్షం కాడు కనుక సెక్షన్ 26 అతనికి దక్కదు. తన భూమి మీద ఆ భారం లేదని సెక్షన్ 34 కింద ప్రకటన కోరుతూ దావా వేసుకోవాలి. లేదా అప్పిచ్చిన బ్యాంకును బతిమాలి సవరణ దస్తావేజు రాయించాలి, హైకోర్టులో రిట్ వేసి ప్రయత్నించాలి. ఎవరో చేసిన తప్పుకు కోర్టు ఫీజు ఇతనిది, తిరుగుడు ఇతనిది. రుజువైన క్షణమే ఆ నమోదును తొలగించే అధికారం జిల్లా రిజిస్ట్రార్‌కు సులువైన విచారణతో ఇవ్వాలి. ఖర్చు తప్పు రాసినవారి మీద పడాలి.

తప్పు వివరం ఒక్కోసారి రిజిస్ట్రేషన్‌నే కూల్చేస్తుంది. 1914లో ప్రీవీ కౌన్సిల్ తేల్చిన హరేంద్ర లాల్ రాయ్ చౌధురి కేసులో ఒక తనఖాను కలకత్తాలో రిజిస్టరు చేయడం కోసం గురుదాస్ వీధిలో 25వ నంబరు ఇల్లు కూడా ఉందని రాశారు. అలాంటి ఇల్లే లేదు. లేని ఆస్తి ఆధారంగా చేసిన రిజిస్ట్రేషన్ చెల్లదని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఇది పొరపాటు కాదు, కావాలని చేసింది. దిద్దుబాటు దారిలోకి ఇలాంటివి రానేరావు.

టైటిల్ డీడ్ల డిపాజిట్టు, డిక్రీ, వేలం

ఈ రోజుల్లో ఇంటి రుణాల్లో ఎక్కువ భాగం ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 58(ఎఫ్) కింద టైటిల్ డీడ్ల డిపాజిట్టుతోనే నడుస్తాయి. అసలు దస్తావేజులు బ్యాంకులో పెడతారు, ఒక మెమొరాండం రాసుకుంటారు. ఇక్కడ తప్పు చాలాసార్లు మెమొరాండంలో ఉండదు, అప్పుదారు కొన్న సేల్ డీడ్‌లోనే ఉంటుంది. దాన్ని సరిదిద్దాల్సింది అప్పుదారు, అతనికి అమ్మినవాడు కలిసి. బ్యాంకు ఆ అమ్మకంలో పక్షమే కాదు. అమ్మినవాడు విదేశంలో ఉంటాడు, లేదా చనిపోయి వారసులు ఒకరి మాట ఒకరు వినరు. అప్పు ఎగ్గొట్టదలచిన వ్యక్తి అయితే తన దస్తావేజులో తప్పు దిద్దించుకోవడానికి ఆసక్తి చూపించడు. సెక్షన్ 26లో ‘ప్రతినిధి’ అన్న పదం ఉంది కాబట్టి తనఖా పుచ్చుకున్నవారు అందులోకి వస్తారని వాదించవచ్చు. కానీ ఆ వాదనకు కోర్టు ఖర్చు, కాలం తప్పవు. అప్పిచ్చే ముందే సవరణ దస్తావేజు అడిగితే ఇదంతా ఉండదు. అప్పు చేతికి రావాలన్న తొందరలో ఉన్నప్పుడు అప్పుదారు అమ్మినవాణ్ణి తానే వెతికి తెస్తాడు.

డిక్రీ వచ్చాక కథ మారుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 ప్రకారం తీర్పుల్లో, డిక్రీల్లో పడిన రాత తప్పులను, లెక్క తప్పులను, అనుకోకుండా జరిగిన లోపాలను కోర్టు ఎప్పుడైనా సరిదిద్దవచ్చు. కాలపరిమితి లేదు. దావాలో సరిగ్గా ఉండి డిక్రీలో తప్పు పడితే ఒక పిటిషన్‌తో పని అయిపోతుంది. అప్పీలులో డిక్రీ ఖాయమై ఉంటే ఏ కోర్టులో అడగాలన్నది మాత్రం చూసుకోవాలి. ఆస్తి గుర్తింపు డిక్రీలో స్పష్టంగా లేనప్పుడు గెలిచినవాణ్ణి కొత్త దావాకు పంపకుండా, సందర్భాన్ని బట్టి 152 కిందో, అమలు దశలో సెక్షన్ 47 కిందో తేల్చవచ్చని ప్రతిభా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ తెచ్చుకున్నవాడు దాని ఫలం అందుకోవాలి గదా.

చిక్కల్లా తప్పు తనఖా పత్రంలో పుట్టి, దావాలోకి పాకి, అక్కడి నుంచి డిక్రీలోకి చేరినప్పుడు. అప్పుడు 152 సరిపోతుందా? హైకోర్టుల్లో రెండు ధోరణులున్నాయి. కోర్టు తన తప్పునే దిద్దుకోగలదని, దావాకు ముందే పుట్టిన తప్పుకు సెక్షన్ 26 దావాయే దారి అని ఒకటి. నేల ఏదో వివాదమే లేనప్పుడు 151, 152, 153 సెక్షన్లను కలిపి దావానూ డిక్రీనీ సవరించవచ్చని ఇంకోటి. 152 పేరుతో వివాద సారాంశంలోకి మళ్ళీ వెళ్ళకూడదని 2001లో జయలక్ష్మి కొయెలో కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత రెండింటికీ వర్తిస్తుంది. వేలానికి ముందు, అవే పక్షాల మధ్య అయితే రెండో దారి న్యాయమని నాకనిపిస్తుంది. వేలం తర్వాత మాత్రం కాదు. ఆర్డర్ 21 రూల్ 66 ప్రకటన చదివి పాట పాడినవాళ్ళు, పాడకుండా వెనుదిరిగినవాళ్ళు ఆ షెడ్యూలునే నమ్మారు. 160ని 1060 చేయడం వేరు, ఎకరాన్ని రెండెకరాలు చేయడం వేరు. కోర్టు వేలంలో అమ్ముడయ్యేది షెడ్యూలులో చెప్పిన ఆస్తేనని ఠాకూర్ బర్మా కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఆ మాట నేటికీ నిలిచే ఉంది.

బ్యాంకులు ఇప్పుడు సివిల్ కోర్టుకు వెళ్ళడం తక్కువ. 2002 సర్ఫేసీ చట్టం కింద సెక్షన్ 13(2) నోటీసు ఇస్తాయి, ఆస్తి స్వాధీనం చేసుకుంటాయి, వేలం వేస్తాయి. వివాదమొస్తే హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో రుణ వసూలు ట్రిబ్యునల్, అక్కడి నుంచి కోల్‌కతా అప్పీలేట్ ట్రిబ్యునల్. ఈ వేగంలో షెడ్యూలు తప్పు మరింత ప్రమాదకరం. ట్రిబ్యునల్ సివిల్ కోర్టు కాదని 2009లో నాహర్ ఇండస్ట్రియల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది అప్పు వసూలు కోసం పుట్టిన సంస్థ, పత్రాలను సరిదిద్దే అధికారం దానికి చట్టం ఇచ్చిన పని కాదు. నోటీసులో తప్పు నంబరు పెట్టి, స్వాధీనానికి వెళ్ళి వేరే ఇంటి తలుపు మీద కాగితం అంటిస్తే ఆ ఇంటివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? సెక్షన్ 17 కింద 45 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. సెక్షన్ 34 సివిల్ కోర్టులకు అడ్డుగోడ కట్టినా, ఆస్తి హక్కు ప్రకటన కోరే దావాకు ఆ గోడ అడ్డం రాదని 2025 జనవరిలో ప్రభా జైన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తప్పు షెడ్యూలుకు బలైన మూడో వ్యక్తికి ఇది పెద్ద ఊరట. తనఖాల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్ నమోదులో అనుకోకుండా పడిన తప్పును సరిచేయించే అధికారం సర్ఫేసీ చట్టం సెక్షన్ 26-ఏ కింద కేంద్ర ప్రభుత్వానికి ఉంది. దాంతో రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని తనఖా మాత్రం సరికాదు.

కాలపరిమితి గురించి రెండు మాటలు. సవరణ దావాకు ఆర్టికల్ 113 కింద మూడేళ్ళు. పొరపాటు తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్క అని లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 అంటుంది. తనఖా సొమ్ము దావాకు ఆర్టికల్ 62 కింద పన్నెండేళ్ళున్నాయి కదా అని కూర్చున్న బ్యాంకుకు ఆ శ్రద్ధ అన్న మాటే ఎదురు తిరుగుతుంది. పత్రాలన్నీ తన బీరువాలోనే ఉన్నప్పుడు తెలియలేదనడం కష్టం. డిక్రీ వచ్చాక ఇంకో జాగ్రత్త. పత్రాన్ని రద్దు చేసినప్పుడు రిజిస్ట్రార్‌కు నకలు పంపాలని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 31 కోర్టునే ఆదేశిస్తుంది. సవరణకు సంబంధించిన సెక్షన్ 26లో అలాంటి ఆదేశం లేదు. ఆ కోరికను దావాలోనే రాయకపోతే డిక్రీ ఫైలులో ఉండిపోతుంది, ఈసీ పాత తప్పునే చూపిస్తుంది.

రాబోయే కాలంలో ఈ వివాదాలు పెరుగుతాయని నా భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ (ఎల్‌పీ) నంబర్లు వచ్చాయి. కొన్ని చోట్ల పలువురి భూములకు కలిపి ఒకే ఉమ్మడి నంబరు పడిందని రైతులు ఫిర్యాదు చేశారు. సర్వే అధికారి తేల్చిన హద్దు మీద అభ్యంతరముంటే 1923 సర్వే, సరిహద్దుల చట్టం సెక్షన్ 14 కింద నోటిఫికేషన్ తేదీ నుంచి మూడేళ్ళలో దావా వేయాలి. తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది, భూధార్ సంఖ్యల ఆలోచన ఉంది. ఇవేవీ చెడ్డవి కావు. కానీ పదిహేను, ఇరవై ఏళ్ళ గడువుతో పాత నంబరు మీద రాసుకున్న తనఖాలు లక్షల సంఖ్యలో బ్యాంకుల బీరువాల్లో ఉన్నాయి. ఆ తనఖాలను కొత్త నంబర్లతో జతపరిచే బాధ్యత ఎవరిదో ఎక్కడా స్పష్టంగా రాయలేదు. అప్పు మొండిబకాయి అయిన రోజు నోటీసులో ఏ నంబరు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. అప్పుదారు వకీలు మొదటి అభ్యంతరం దాని మీదే తీసుకుంటాడు.

రీసర్వే పూర్తయిన గ్రామంలో ఇప్పుడు తనఖా రాయించుకునేవాళ్ళు, పెట్టేవాళ్ళు షెడ్యూలులో పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీ నంబరు పక్కపక్కన రాయించాలి. ఈసీ రెండు నంబర్ల మీదా తీయించాలి. సర్వే పటం నకలును పత్రానికి జతచేయాలి, రిజిస్ట్రేషన్ చట్టం అందుకు వీలిస్తుంది. హద్దుల్లో ఇప్పుడున్న పొరుగువారి పేర్లు రాయాలి, తాతల కాలంవి కాదు. పాత తనఖాలున్న బ్యాంకులు అప్పుదారు ఇంకా సక్రమంగా వాయిదాలు కడుతున్నప్పుడే, సంబంధాలు బాగున్నప్పుడే, నంబర్ల జతకూర్పుతో ఒక సవరణ పత్రం మీద సంతకాలు తీసుకోవాలి. అప్పు తీరి తనఖా విడుదల పత్రం రాసేటప్పుడు కూడా షెడ్యూలును మొదటి పత్రంతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. విడుదల పత్రంలో నంబరు తప్పితే తీరిన అప్పు ఈసీలో బతికే ఉంటుంది, దాన్ని తీసేయించడానికి అప్పు తీర్చినవాడు మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కాలి.